పుచ్చుకొనుచు పోయిన దారి

ధనము పంపుట ఈ కాలమున మిక్కిలి సులభమైన పని. విజయవాడలో ఇంట కూర్చుండి ఫోనుమీద వ్రేలు మోపినచో ఆ సొమ్ము రెప్పపాటులో ఇచ్ఛాపురము చేరును. పంపినవాని ముఖమును పుచ్చుకొన్నవాడు చూడనక్కరలేదు, పుచ్చుకొన్నవాని ముఖమును పంపినవాడు చూడనక్కరలేదు. ఇట్టి కాలమున, నడివయస్సు దాటిన నలుగురు మిత్రులము సెలవులు పెట్టుకొని, సైకిళ్ళెక్కి, ఐదువందల యాభై కిలోమీటర్లకు పైబడిన దారిని ఎదురుగాలిలో త్రొక్కుకొనుచు పోయి, ఉద్దానమునందలి మూత్రపిండ రోగుల కొరకు పోగుచేసిన సొమ్మును వారి నడుమ కూర్చుండి అప్పగించి వచ్చితిమి. మేము బయలుదేరుటకు ముందు మా పెద్దమ్మ నన్నొక ప్రశ్న అడిగినది: "ఇచ్చే డబ్బేదో ఇక్కణ్ణించే పంపించక, ఈ వయసులో ఆ తొక్కుడంతా ఎందుకురా నాయనా?" ఆమె పరిహాసమునకు అడుగలేదు. ఇంటికి వచ్చినవానికి విస్తరి వేయక తాను భుజింపని తరమునకు చెందిన మనిషి ఆమె. ఈయవలసినదానిని చడీచప్పుడు లేక ఈయవలెనని నమ్మిన మనిషి. దానమునకు ఊరేగింపు ఎందులకని ఆమె సందేహము. ఆ సందేహము న్యాయమైనది. బయలుదేరునాడు నాయొద్ద దానికి సగము సమాధానమే యుండెను. మిగిలిన సగము దారిలో దొరకినది.

ఉన్న సగమును ముందు చెప్పెదను. దేహమును శ్రమపెట్టి అడుగుట మన దేశమునకు క్రొత్త కాదు. మొక్కుకొన్నవాడు గుమ్మము ముందు బస్సు నిలిచియున్నను కాలినడకనే కొండ యెక్కును. 1951వ సంవత్సరమున వినోబా భావే సర్వోదయ సమ్మేళనము కొరకు వార్ధానుండి హైదరాబాదు చెంతనున్న శివరాంపల్లికి నడచి వచ్చి, అటనుండి మరల కాలినడకనే తెలంగాణపు పల్లెలలోనికి సాగి, ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లి చేరినపుడు, ఆ యూరి హరిజనులు ఎనుబది ఎకరముల నేల యున్నచో తమ బ్రదుకు తెరవు తాము చూచుకొందుమని విన్నవించుకొనగా, సభలోనున్న వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరములు ఇత్తునని పలికెను. అడిగినది ఎనుబది, ఇచ్చినది నూరు. వినోబా ఆ మాటనే ఆశ్రమమునుండి జాబు వ్రాసి అడిగియుండినచో ఆ నూరెకరములు వచ్చియుండునని నేననుకొనను. దుమ్ముపట్టిన పాదములతో ఒక మనిషి వచ్చి ఊరి నడుమ కూర్చుండినపుడు, అతడు నోరు తెరవకమునుపే అతని పాదములు మాటలాడుచుండును.

ఇట్టిదే మరియొక వృత్తాంతము కెనడా దేశమున జరిగినది. ఎముకకు పుట్టిన క్యాన్సరు వలన పదునెనిమిదేండ్లకే కుడికాలును మోకాటికి పైవరకు పోగొట్టుకొన్న టెర్రీ ఫాక్స్ అను యువకుడు, 1980 ఏప్రిల్ 12వ తేదీన ఆ దేశపు తూర్పు కొసనున్న సెయింట్ జాన్స్ పట్టణమున కృత్రిమపు కాలితో పరుగు మొదలుపెట్టి, దినమునకు సగటున రమారమి ముప్పదియెనిమిది కిలోమీటర్ల చొప్పున, 143 దినములలో 5,373 కిలోమీటర్లు పరుగెత్తి, వ్యాధి ఊపిరితిత్తులకు ప్రాకుటచేత థండర్ బే పట్టణము చెంత నిలిచిపోయెను. మరుసటి యేట, ఇరువది రెండేండ్ల వయస్సున, కన్నుమూసెను. క్యాన్సరు పరిశోధన కొరకు దేశమునందలి ప్రతి మనిషినుండియు ఒక్కొక్క డాలరు చొప్పున అతడు కోరియుండెను. అతడు బ్రదికియుండగనే ఆ కోరిక నెరవేరి, రెండుకోట్ల నలుబది లక్షల మంది జనమున్న దేశమున అంతకు మించిన డాలర్లు చేరినవి. అతడడిగిన మొత్తము అత్యల్పము, పడిన శ్రమ అపారము. ఆ రెంటికిని నడుమనున్న అంతరమే జనుల హృదయములను కదలించినది.

సైకిలు మీద పోయి చందాలు కూర్చు పద్ధతి యింగ్లండులో చిరకాలముగా నున్నది. లండనునుండి సముద్రతీరమునందలి బ్రైటను వరకు ఏటేట వేలకొలది జనులు త్రొక్కుకొనుచు పోయి హృద్రోగ పరిశోధనకు ధనము చేకూర్చుదురు. త్రొక్కువాని బంధుమిత్రులు మైలునకు ఇంత యని ముందుగా మాటయిత్తురు. మైళ్ళు పూర్తియైన కొలది సొమ్ము పెరుగును. మేమును అదే ఏర్పాటు చేసికొంటిమి. బ్యాంకులో పనిచేయు మిత్రుడొకడు ఒక నోటుపుస్తకము పెట్టి, ఎవరు కిలోమీటరునకు ఎంత వ్రాయించిరో, ఎవరు దారిలో చేతికిచ్చిరో, పైసలతో సహా ఎక్కించుచుండెను. మా బసకును తిండికిని అయిన ఖర్చు మేమే భరింపవలెననియు, ఆ పుస్తకములోని పైకమున ఒక్క కాసైనను దారి ఖర్చునకు ముట్టరాదనియు బయలుదేరకమునుపే ఒట్టు పెట్టుకొంటిమి. ఈ నియమమును నేను మిక్కిలి గట్టిగా నమ్ముదును. దాత రోగికని యిచ్చిన రూపాయి దారిలో కాఫీ త్రాగుటకు పుట్టినది కాదు. ఈ నియమము లేని యాత్ర యెంత ఘనముగా సాగినను అది విహారమే యగును.

ఎవరి కొరకు పోవుచున్నామో చెప్పవలెను గదా. ఉద్దానమనునది శ్రీకాకుళము జిల్లా ఉత్తరపు కొసన, మహేంద్రగిరికిని బంగాళాఖాతమునకును నడుమ, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురము, పలాస మండలములలో వ్యాపించిన తోటల సీమ. కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు దట్టముగా పెరిగి, ఎఱ్ఱమట్టి బాటలమీద పట్టపగలే నీడలు పరచుచుండును. అందుచేతనే దానికి రెండవ కోనసీమయని పేరు. ఇంత చల్లని సీమలో, దశాబ్దములుగా, మధుమేహము లేని రైతులకు, రక్తపుపోటు లేని కూలీలకు, రెక్కల కష్టము మీద సంసారము నడుపవలసిన వయస్సుననే మూత్రపిండములు చెడిపోవుచున్నవి. తొలిదశలో ఈ రోగమునకు నొప్పి లేదు, సూచన లేదు. కాళ్ళు వాచి, ఆయాసము పుట్టి, ఆసుపత్రికి పోవునాటికి మూత్రపిండములలో అధికభాగము శక్తి కోల్పోయియుండును. కారణము త్రాగునీటిలోని దోషమా, పురుగుమందులా, ఎండలో పనిచేయునపుడు దేహమునందలి నీరు ఇంకిపోవుటయా, ఒళ్ళునొప్పులకు విచ్చలవిడిగా మ్రింగు మాత్రలా, లేక ఇవన్నియు కలసి చేయుచున్న కీడా యని శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి పరిశోధించుచునే యున్నారు. ఇదే కారణమని ఇంకను నిర్ధారణ కాలేదు. మధ్య అమెరికాలో చెరకు నరుకు కూలీలకును, శ్రీలంక ఉత్తర మధ్య మండలములో వరి పండించు రైతులకును ఇటువంటి వ్యాధియే సోకియున్నది. ఎండలో మట్టిపని చేయు పేదవారినే ఇది రెండు ఖండములలోను వెదకికొని పోయినది.

దీనికి తోడు 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస చెంత తీరము దాటి, లెక్కకు మిక్కిలిగా కొబ్బరిచెట్లను నేలకూల్చినది. కూలిన చెట్టునకు బదులు నాటిన మొక్క కాయ కాయుటకు ఏండ్లు పట్టును. రోగము అంతవరకు ఆగదు. ప్రభుత్వము చేసిన మేలు లేకపోలేదు. వంశధార నీటిని గొట్టముల ద్వారా ఉద్దానపు పల్లెలకు తెచ్చు పథకమును, పలాసలో రెండువందల పడకల ఆసుపత్రిని, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును 2023 డిసెంబరు 14వ తేదీన ప్రారంభించిరి. డయాలిసిస్ ఉచితముగా చేయుదురు; పింఛనును కలదు. ఐనను, సాధారణముగా వారమునకు మూడు మారులు, మారునకు నాలుగు గంటలు యంత్రము ప్రక్కన పడుకొనవలసిన మనిషికి, అక్కడికి పోవుటకును వచ్చుటకును ఆటో కూలి యున్నది. తోడు వచ్చు భార్యకో కొడుకునకో ఆనాటి కూలి పోవును. మందులున్నవి, రక్తపరీక్షలున్నవి. మేము పోగుచేయదలచిన సొమ్ము ఈ చిల్లర ఖర్చుల కొరకే. వినువారికి చిల్లరగా తోచును. ఉన్న కొబ్బరితోటను అమ్మించునవి ఇవియే.

ఇక దారి సంగతి. మేము పోయినది పుష్యమాసపు చలిలో. ఎండ బాధ యుండదని ఎంచుకొన్న ఋతువది. కాని ఆ దినములలో కోస్తాతీరమున గాలి ఈశాన్యమునుండి వీచును, విజయవాడనుండి ఇచ్ఛాపురము పోవు దారియు ఈశాన్యమునకే పోవును. ఏలూరు దాటి, తాడేపల్లిగూడెము, తణుకు దాటి, సిద్ధాంతము వంతెనమీద వసిష్ఠ గోదావరిని గడచు వరకు నేల చదునుగా నున్నను, ఆ గాలి రొమ్మునకెదురుగా వచ్చుచుండుటచేత ప్రతి మైలును కొండయెక్కినంత పనియయ్యెను.

రావులపాలెము చెంత మాకు అరటిగెలల సైకిళ్ళు ఎదురుపడినవి. అక్కడి అరటి మార్కెట్టు పేరుపడ్డది. చుట్టుప్రక్కల లంకలనుండి రైతులును కూలీలును సైకిలునకు ఇరువైపుల గెలలు వ్రేలగట్టి, ఎక్కి త్రొక్కుటకు వీలులేనపుడు నెట్టుకొనుచు, బారులు తీరి పోవుచుందురు. గేర్లున్న మా తేలికపాటి సైకిళ్ళను చూచి వారిలో ఒక పెద్దమనిషి తన బండిని కర్రకు ఆనించి, "ఎందాకా వెళ్తున్నారండీ?" అని అడిగెను. చెప్పితిమి. రోగము సంగతియు చెప్పితిమి. ఆయన కొంతసేపు ఏమియు పలుకలేదు. తరువాత గెలలో బాగుగా పండిన అత్తమొకటి త్రుంచి మా నలుగురిలో ఒకరైన మాస్టారి చేతిలో పెట్టి, జేబులోనికి పోయిన మా చేతిని పట్టుకొని, "ఊరుకోండి బాబూ, పుణ్యానికి వెళ్తూ డబ్బులేంటి" యని, మరల బండిని నెట్టుకొనుచు సాగిపోయెను. ఆయన దినదినమును ఆ బరువుతో పోవు దారికి కిలోమీటరునకు ఇంత యని ఏ పుస్తకములోను ఎవరును వ్రాయించరు. మాకు వ్రాయించినవారున్నారు. అరటిపండ్లు తినుచు ఈ సంగతి తలచుకొన్నపుడు నా మనస్సు కుదుటబడుటకు చాల దూరము పట్టినది.

ఆ సీమలో పుచ్చుకొనుటకు జంకనక్కరలేదు. అది డొక్కా సీతమ్మగారి సీమ. 1909లో పరమపదించిన ఆ యిల్లాలు లంకల గన్నవరములోని తన యింట వేళకాని వేళలలో వచ్చిన బాటసారులకు సైతము వండి వడ్డించి, ఆంధ్రదేశమున అన్నపూర్ణయని పేరొందెను. ఒకమారు ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు పయనమై పోవుచు, దారిలో ఆకలిగొన్న పెండ్లివారు గన్నవరములో సీతమ్మగారి యిల్లు చేరినచో అన్నము దొరకునని తమ పిల్లలను ఊరడించుట విని, దర్శనము మాని ఇంటికి మరలి వచ్చి వారికి వండిపెట్టెనని నేటికిని చెప్పుకొందురు. ఈ కథ విన్నపుడెల్ల నేను సీతమ్మగారినే తలచుకొనెడివాడను. ఆ దారిలో ఎండిన గొంతుతో పోవునపుడు మొదటిసారిగా ఆ పెండ్లివారి పిల్లలను తలచుకొంటిని. ఫలానా చోట మనకు పెట్టుదురు అను నమ్మకముతో ఆకలిని ఓర్చుకొనుట యెట్టి సుఖమో వారికి తెలిసియుండును.

జగ్గంపేట దాటినపిదప బ్యాంకు మిత్రుని వెనుక చక్రమునకు చువ్వలు రెండు విరిగి చక్రము బెండు పోయినది. ఆ రాజమార్గమున లారీలకును కార్లకును పంక్చర్లు వేయు అంగళ్ళు అడుగడుగున కలవు గాని సైకిలు బాగుచేయువాడు అరుదు. విచారించుకొనుచు లోపలి ఊరికి పోగా, రేకుల పందిరి క్రింద గాలిపంపు, సొల్యూషను డబ్బా, పాత ట్యూబుల గుత్తి పెట్టుకొని కూర్చున్న వృద్ధుడొకడు దొరకెను. ఆయన చక్రమును ఊడదీసి, తిరుగవేసి, రిమ్ము ఎక్కడ ఊగుచున్నదో సుద్దముక్కతో గుర్తుపెట్టి, చువ్వలను ఒకటి బిగించి, ఒకటి వదలించి, కన్ను చికిలించి చూచుచు, గంటసేపు శ్రద్ధగా పనిచేసెను. క్రొత్త చువ్వల ఖరీదు మాత్రమే తీసికొని, "కూలి మీ పుస్తకంలో నా పేరన రాసేసుకోండి" యనెను. ఆ పుటలో ఆయన పేరునకు పైన ఒక వైద్యుని పేరును, క్రింద ఒక బియ్యపు వ్యాపారి పేరును ఉన్నవి. తన పేరు సరిగా వ్రాసిరో లేదోనని ఆయన మమ్ము చదివించి విని, తల యూపెను.

ఇంతకును ఎదురుగాలి సంగతి పూర్తిగా చెప్పలేదు. గంటకు ఇరువది కిలోమీటర్లు మించి పోవునపుడు సైకిలు త్రొక్కువాని సత్తువలో పెద్దపాలు గాలిని చీల్చుటకే ఖర్చగును. ఎదురుగాలియున్నచో అంతకంటె తక్కువ వేగముననే ఆ దుస్థితి దాపురించును. కాని ఒకని వెనుక ఒకడు, ముందువాని చక్రమునకు జానెడు బెత్తెడు ఎడముగా పోవునపుడు, వెనుకవానికి పావువంతునకు పైగా శ్రమ తగ్గును. అందుచేత దూరము పోవువారు వంతులవారీగా ముందుండి గాలి కాచి, అలసినవాడు ప్రక్కకు తొలగి వరుస చివరకు వచ్చి చేరుచుందురు. ఈ పద్ధతిలో ఒక న్యాయము కలదు. ముందున్నవాడు ఇచ్చుచున్నాడు, వెనుకనున్నవాడు పుచ్చుకొనుచున్నాడు. కొంతసేపటికి ఇచ్చినవాడే పుచ్చుకొనును. ఎవరెంత ఇచ్చిరో ఎవరును లెక్క వ్రాయరు.

మాలో మాస్టారు పెద్దవారు, దేహబలము తక్కువవారు. ఆయనను విజయవాడనుండియు వరుస చివరనే యుంచితిమి. మేమది గౌరవముతోను ప్రేమతోను చేసితిమి. అన్నవరము వరకు ఆయన ఏమియు ననలేదు. సత్యదేవుని ప్రసాదము ఆకులో పట్టుకొని మెట్లమీద కూర్చున్నపుడు మాత్రము మాటలు తగ్గించిరి. తుని దాటి, విశాఖ దిక్కుగా గాలి మరింత ముదిరినపుడు, ఆయన వెనుకనుండి కేకవేసి మమ్ము ఆపి, "ఇదిగో, నన్ను కూడా కాసేపు ముందుండనివ్వండయ్యా" యని అడిగిరి. "ఎందుకు మాస్టారూ, మీరు వెనకాల హాయిగా రండి" యని మేమనగా, ఆయన చిన్నబోయిన ముఖముతో, "హాయిగానే ఉందయ్యా. అదే కష్టంగా ఉంది" యనిరి. ఆ మాటకు మేము బదులు చెప్పలేక ప్రక్కకు తొలగితిమి. ఆయన ముందునకు పోయి, తల వంచి, మొండిగా త్రొక్కిరి. మా నడక సగమునకు సగము తగ్గినది. ఆయన సన్నని మేను గాలిని కాచినంతమాత్రము మాకు కాచినది. కాని నక్కపల్లి దరిదాపులకు చేరి దిగినపుడు ఆ ముఖమున నేను చూచిన వెలుగు అంతవరకు లేదు. ఆ రాత్రి బసలో చాలసేపు తన చిన్ననాటి సంగతులు చెప్పిరి.

నాకు దొరకిన మిగిలిన సగము సమాధానము ఇదియే. ఎన్నడును పుచ్చుకొననివాడు ఇచ్చుటలో ఒక కాఠిన్యమున్నది. అది వాని దోషము కాదు, వాడు కూర్చుండిన చోటు యొక్క దోషము. ఫోనుమీద పంపిన రూపాయి పైనుండి క్రిందికే పోవును, మరల పైకి వచ్చుటకు దానికి దారి లేదు. ఇంటినుండి కదలి, సత్తువ చాలక, నీరు చాలక, చువ్వ విరిగి, దారినపోవువారి దయమీద ఆధారపడినవాడు గమ్యము చేరునాటికి తానును చేయి చాచినవాడే యగును. అట్టి చేతితో ఇచ్చినపుడు పుచ్చుకొనువానికి తల వంచుకొనవలసిన పని తగ్గును. అంతేకాదు, మాస్టారు అడిగినట్లు, పుచ్చుకొనువాడును ఒకమారు ముందుండవలెనని కోరుకొనును. ఆ కోరికకు చోటు విడువని దానము మనిషిని వరుస చివరనే కట్టివేయును. అన్నము పెట్టినను అభిమానమును ఆకలితో నుంచును.

శ్రీకాకుళము కడ నాగావళిని, ఆవల వంశధారను దాటి, టెక్కలి, పలాస మీదుగా ఉద్దానము ప్రవేశించితిమి. నేను పుస్తకములలో చదివినదంతయు అక్కడ ఒక యింటి ముంగిట ఒక్క ఘడియలో చూచితిని. కవిటి వైపు ఒక కొబ్బరితోటలో మాకొక రైతు ఎదురుచూచుచుండెను. నలుబది యేండ్లు దాటినవాడు. ఎడమ ముంజేతిమీద డయాలిసిస్ సూదుల కొరకు శస్త్రచికిత్స చేసిన చోట రక్తనాళము ఉబ్బి మెలికలు తిరిగి యుండెను. ఆ చేతితో బరువు లెత్తరాదు, ఆ చేయి ఒత్తుకొని పడుకొనరాదు. మేము సైకిళ్ళు చెట్లకానించి నిలువగానే తమ్ముని చెట్టెక్కించి బొండములు దింపించి, తాను కుడిచేత కత్తి పట్టుకొని ఒక్కొక్కటి చెలిగి, "తాగండి బాబూ, మా సెట్టు కాయలే" యని అందించెను. ఎన్నో కిలోమీటర్ల దాహముతో నున్న మేము, మీరును ఒకటి తీసికొనుడని అతనిని బలవంతపెట్టగా, గడపలో నిలిచిన భార్య మెల్లగా, "ఆయన తాగకూడదు బాబూ. డాక్టరుగారు వద్దన్నారు" అనినది.

కొబ్బరినీటిలో పొటాషియము హెచ్చు. పనిచేయని మూత్రపిండములు దానిని బయటికి పంపలేవు, అది రక్తములో పేరుకొన్నచో గుండె నిలిచిపోవచ్చును. త్రాగు మంచినీటికే దినమునకు కొలత యున్నది; డయాలిసిస్ నాటికి బరువెంత పెరిగెనో తూచి చూతురు. అరటిపండునకు జంకవలెను, పనసతొనకు జంకవలెను, జీడిపప్పును లెక్కబెట్టి నోట వేసికొనవలెను. ఆ నేల దేనిని పండించుటచేత రెండవ కోనసీమ యనిపించుకొన్నదో, దానిని పండించిన చేతులకు అదియే నిషిద్ధము. నాటి ఉదయమునుండి సీసాల కొలది నీరు త్రాగుచు వచ్చిన నేను, కొలత గ్లాసుతో దాహము తీర్చుకొను మనిషి యెదుట, అతని చెట్టు కాయను చేత పట్టుకొని నిలిచితిని. త్రాగుటకు నాకు చేయి రాలేదు. అప్పుడు మాస్టారు ఆ బొండమును రెండుచేతుల అందుకొని, ఒక్క చుక్క నేల పడనీయక కడవరకు త్రాగి, "బాగా తియ్యగా ఉందయ్యా" యనిరి. రైతు ముఖము వికసించెను. "ఇంకోటి కొట్టమంటారా?" అని అడిగెను. మేమందరమును త్రాగితిమి. ఆ ఘడియలో మా వరుసకు ముందున్నవాడు అతడే.

సొమ్ము అప్పగించుటకు పెద్ద సభ యేదియు చేయలేదు. ఊరిలో అందరు నమ్మిన ఒక పంతులమ్మ యెదుట లెక్క చదివి, ఏయే ఇంటికి ఆటో ఖర్చునకు, మందులకు ఎంత ముట్టవలెనో వ్రాసికొని, అందరి సంతకములు తీసికొంటిమి. ఛాయాచిత్రములు తీయుదమని ఒక కుఱ్ఱవాడు వచ్చినపుడు, రోగుల చేతికి డబ్బు ఇచ్చుచున్నట్లు తీయవద్దంటిమి. తోటలో అందరము కలసి కూర్చున్న బొమ్మ ఒకటి తీయించుకొంటిమి. మేము తెచ్చినది ఆ యిండ్లకు కొన్ని మాసములు వచ్చును. తరువాత? ఈ ప్రశ్నను రైతు భార్య అడుగలేదు గాని ఆమె చూపులో ఉన్నదని నాకు తోచినది. యాత్రకు ముగింపు కలదు, డయాలిసిస్‌కు లేదు. మరొక మూత్రపిండమును అమర్చు భాగ్యము కలిగిన కొద్దిమందికి తప్ప, బ్రదికియున్నంతకాలము వారమునకు మూడు దినములు ఆ గదికి పోవలసినదే. సైకిలు యాత్ర ఒక తలుపు తట్టగలదు. ఆ తలుపు తెరచియుంచు పని వేరు, అది నెల నెల జరుగవలసినది. ఆ పనికి తిరిగివచ్చినపిదప మేము నలుగురమును కొన్ని కుటుంబములను మా పేర వ్రాసికొంటిమి.

మా పెద్దమ్మకు ఇదంతయు చెప్పినపుడు ఆమె కొబ్బరిబొండము సంగతి కడ నన్నాపి, "తాగారా?" అని అడిగినది. త్రాగితిమంటిని. "మంచిపని చేశారు" అనినది. తన పెట్టెలోనుండి కొంత పైకము తీసి, ఇది ఆటో కూలికని చెప్పి నా చేత పెట్టినది.

చదువరులకు నాది ఒక మనవి. ఇందుకొరకు మీరు ఉద్దానము దాక పోనక్కరలేదు, సైకిలు ఎక్కనక్కరలేదు. మీ జిల్లాలోని పెద్దాసుపత్రికి పోయి, డయాలిసిస్ గది యెదుటి బల్లమీద ఒక ఉదయము కూర్చుండుడు. అక్కడికి ఎవరెవరు ఎంత దూరమునుండి వచ్చుచున్నారో, ఏ బండిలో వచ్చుచున్నారో, రాకపోకలకు ఎంత అగుచున్నదో వారినే అడిగి తెలిసికొనుడు. మీకు చేతనైనచో ఒక్క మనిషి దారి ఖర్చును, ఒక్క యేడాదిపాటు, నెల తప్పక మీరు భరింపుడు. నెలకొకమారు స్వయముగా పోయి ఇండు. ఆ మనిషి మీకేదైన ఈయబోయినచో, అది రెండు జామకాయలైనను సరే, కాదనక పుచ్చుకొనుడు.